జర్నలిజం స్కూల్ ఉద్యోగానికి ఎంతవరకు పనికొస్తుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

అడ్మిషన్ల కాలం వచ్చిందంటే నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు వస్తుంటాయి. కొన్ని పిల్లల దగ్గర్నుంచి, కొన్ని వాళ్ల తల్లిదండ్రుల దగ్గర్నుంచి. నేను జర్నలిజం చదివి, చాలా ఏళ్లు పత్రిక డెస్కులో కాపీలు (విలేకరులు రాసి పంపే వార్తలు) దిద్ది, ఇప్పుడు క్లాసులో కాపీలు దిద్దుతున్నాను. పనేమీ పెద్దగా మారలేదు, రాత్రిళ్లు మాత్రం నిద్ర పడుతోంది. పదే పదే అడిగే ప్రశ్నలకు నా జవాబులు ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నచ్చినవి తీసుకోండి.

జర్నలిజం చదవకుండా జర్నలిస్టు కాలేమా?

నిక్షేపంలా కావచ్చు. డాక్టరుకీ లాయరుకీ ఉన్నట్టు ఈ వృత్తికి చాలా దేశాల్లో లైసెన్సు లేదు. వాటర్‌గేట్ వ్యవహారాన్ని (అమెరికా అధ్యక్షుడు నిక్సన్ రాజీనామాకు దారితీసిన కుంభకోణం) తవ్వి తీసిన ఇద్దరు రిపోర్టర్లలో ఒకరైన కార్ల్ బెర్న్‌స్టీన్ కాలేజీ పూర్తి చెయ్యలేదు. నోబెల్ అందుకున్న నవలాకారుడు గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ లా చదువు సగంలో వదిలేసి పత్రికల్లో పడ్డాడు. జర్నలిజం స్కూళ్ల మీద ఆయనకు బోలెడు ఫిర్యాదులు కూడా ఉండేవి. అయినా 1994లో కొత్త తరం విలేకరులకు వర్క్‌షాపులు నడపడానికి కొలంబియా దేశంలో తనే ఒక ఫౌండేషన్ పెట్టాడు.

ఈ పేర్లు చెప్పి 'చదువెందుకు' అనేవాళ్లు ఒక సంగతి వదిలేస్తారు. బెర్న్‌స్టీన్ పదహారేళ్లకే ఒక పత్రికాఫీసులో కాపీ బాయ్‌గా చేరాడు. ఆ రోజుల్లో ఆఫీసే బడి. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే సీనియర్లు ఉండేవారు. ఇవాళ మీరు పంపిన వార్తను సబ్ ఎడిటర్ నాలుగు నిమిషాల్లో తిరగరాసి పేజీలో పెట్టేస్తాడు. మీ మొదటి వాక్యం ఎందుకు ఎగిరిపోయిందో చెప్పే తీరిక ఆయనకు ఉండదు. మీకు అడిగే ధైర్యమూ ఉండదు. అలా రెండేళ్లు అదే తప్పు రాస్తూ, అది రోజూ దిద్దబడుతూ ఉన్నవాళ్లు నాకు తెలుసు. ఆ 'ఎందుకు' చెప్పే మనిషి దొరుకుతాడనే స్కూల్‌కి వెళ్లడం. నా మటుకు నాకు మిగతావన్నీ దాని తర్వాతే.

ఈ స్కూళ్లు ఎప్పుడు, ఎలా మొదలయ్యాయి?

పారిస్‌లో 1899లోనే ఒకటి ఉంది. అందరూ ముందుగా చెప్పుకునేది మాత్రం అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయం పేరు. వాల్టర్ విలియమ్స్ డీన్‌గా అక్కడ 1908 సెప్టెంబరు 14న క్లాసులు మొదలయ్యాయి. ఆ రోజే విద్యార్థులు తమ దినపత్రిక తొలి సంచిక తెచ్చారు. పాఠం తర్వాత, ముందు పేపర్ బయటికి రావాలి అన్నమాట. చేస్తూ నేర్చుకోవడం అనే ఆ పద్ధతికి ఇప్పటికీ మిస్సోరీ పేరే ఉంది. నాలుగేళ్లకు, 1912లో, పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ ఇచ్చిన విరాళంతో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో స్కూల్ తెరిచారు. అది చూడటానికి ఆయన లేరు, అంతకు ముందు ఏడాదే పోయారు.

మొదటి సెమిస్టర్లో ఏం చేయిస్తారు?

రాయిస్తారు. రాసింది కొట్టేస్తారు. మళ్లీ రాయిస్తారు. చెబితే అర్థం కాదు గానీ ఒక ఉదాహరణ చూడండి. ల్యాబ్ జర్నల్ (విద్యార్థులే నడిపే ప్రాక్టీసు పత్రిక) కోసం ఒక విద్యార్థి తెచ్చిన కాపీ ఇది:

'నిన్న రాత్రి సుమారు 11 గంటల ప్రాంతంలో ఒక గోదాములో ప్రమాదవశాత్తు ఘోర అగ్నిప్రమాదం సంభవించింది. సమాచారం అందుకున్న అగ్నిమాపక సిబ్బంది హుటాహుటిన సంఘటనా స్థలానికి చేరుకుని మంటలను అదుపులోకి తెచ్చారు. ఈ ప్రమాదంలో ఇద్దరు కార్మికులు దుర్మరణం పాలయ్యారు. షార్ట్ సర్క్యూట్ వల్లే ప్రమాదం జరిగింది.'

చదవడానికి బాగానే ఉంది కదా, ఇలాంటివి రోజూ చూస్తాం. అదే దీనితో చిక్కు. రాసిన పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా అడిగాను. 'సుమారు' అన్నాక మళ్లీ 'ప్రాంతంలో' ఎందుకు? ప్రమాదం 'ప్రమాదవశాత్తు' కాక ఇంకెలా జరుగుతుంది? 'హుటాహుటిన' వచ్చారని నీకెవరు చెప్పారు? ఫోన్ ఎన్నింటికి వెళ్లింది, బండి ఎన్నింటికి వచ్చింది? ఇద్దరు మనుషులు చనిపోతే ఆ సంగతి మూడో వాక్యం దాకా ఎందుకు ఆగింది? షార్ట్ సర్క్యూట్ అని తేల్చిందెవరు, ఎవరూ తేల్చకపోతే అది వార్తలోకి ఎలా వచ్చింది?

వాడి నోట్‌బుక్ తీసుకుని చూశాను. మూడో పేజీలో, అడ్డంగా, చిన్న అక్షరాల్లో ఉంది: 'షట్టర్‌కి బయట తాళం, ఫైరాఫీసర్ చెప్పాడు.' ఇది కాపీలో ఎందుకు లేదురా అంటే, 'అది డీటెయిల్ కదా సార్' అన్నాడు. చివరికి పేజీలోకి వెళ్లింది ఇది:

'గోదాములో నిద్రపోతున్న ఇద్దరు కార్మికులు మంటల్లో చిక్కుకుని చనిపోయారు. తాము వెళ్లేసరికి షట్టర్‌కు బయటి నుంచి తాళం వేసి ఉందని అగ్నిమాపక అధికారి చెప్పారు. మంటలకు కారణం ఇంకా తేలలేదు.'

మాటలు తగ్గాయి, వార్త పెరిగింది. ఇంట్రో (వార్త మొదటి వాక్యం) ఎలా రాయాలో పుస్తకంలో చదివితే వాడు పరీక్షలో మార్కులు తెచ్చుకునేవాడు. ఆ తాళం సంగతి మాత్రం నోట్‌బుక్‌లోనే ఉండిపోయేది. ఇలాంటి కాపీలు ఏడాదిలో ఓ నలభై యాభై దిద్దించుకున్నాక, రాసేటప్పుడే చెయ్యి ఆగడం మొదలవుతుంది.

తప్పుడు వార్తల కాలం కదా, నిజం తేల్చుకోవడం నేర్పుతారా?

మంచి స్కూల్లో ఈ పాఠం అన్ని పాఠాల్లోనూ ఉంటుంది. 'నీకెలా తెలుసు?' అని ఎన్నిసార్లు అడిగించుకుంటారో చెప్పలేను.

దీనికి క్లాసులో తప్పకుండా వచ్చే కేసులు రెండున్నాయి. 1980 సెప్టెంబరులో వాషింగ్టన్ పోస్ట్‌లో హెరాయిన్‌కు బానిసైన ఎనిమిదేళ్ల అబ్బాయి గురించి జానెట్ కుక్ రాసిన కథనం వచ్చింది. మరుసటి ఏప్రిల్‌లో దానికి అమెరికా పత్రికా రంగంలో పెద్ద గౌరవమైన పులిట్జర్ బహుమతి ప్రకటించారు. తీరా చూస్తే ఆ అబ్బాయే లేడు. అంతా కల్పన. బహుమతి వెనక్కి ఇచ్చేశారు. ఆ అబద్ధం ఎలా బయటపడిందో చూడండి. ఆమె తన చదువు గురించి రాసుకున్న వివరాలు పొంతన కుదరక అనుమానం మొదలైంది. కథనం మీద కాదు, బయోడేటా మీద! అబ్బాయి ఎవరు, ఎక్కడుంటాడు అని పత్రికలో పైవాళ్లు ముందే గట్టిగా పట్టుబట్టి ఉంటే అది అచ్చయ్యేదే కాదు.

రెండోది 2014 నవంబరులో రోలింగ్ స్టోన్ పత్రికలో వచ్చిన, ఒక యూనివర్సిటీ క్యాంపస్‌లో సామూహిక అత్యాచారం జరిగిందన్న కథనం. అనుమానాలు వచ్చాక, ఎక్కడ తప్పు జరిగిందో చూసి చెప్పమని ఆ పత్రికే కొలంబియా జర్నలిజం స్కూల్‌ను అడిగింది. 2015 ఏప్రిల్‌లో నివేదిక వచ్చింది, పత్రిక కథనాన్ని ఉపసంహరించుకుంది. ఆ నివేదికలో నా విద్యార్థులందరికీ చూపించే అంశం ఒకటుంది. ఆరోపణ చేసిన అమ్మాయి స్నేహితులు ముగ్గురు ఏం మాట్లాడారో కథనంలో కోట్స్‌లో ఉంది, కానీ రిపోర్టర్ ఆ ముగ్గురితో మాట్లాడనే లేదు. అంత పెద్ద కథనం ఆ మూడు ఫోన్ కాల్స్ దగ్గర కూలిపోయింది.

నా సొంత తప్పు కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలల్లో రోడ్డు ప్రమాదం వార్త ఒకటి ఫోన్‌లో విని రాసుకున్నాను. చనిపోయిన వ్యక్తి పేరు బదులు, పక్కనే కూర్చుని గాయపడ్డ అతని తమ్ముడి పేరు పడింది. మర్నాడు పొద్దున ఆసుపత్రి నుంచి ఆ తమ్ముడే ఫోన్ చేశాడు. 'సార్, నేను బతికే ఉన్నాను' అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది. పేరు రాసుకున్నాక ఒకసారి తిరిగి చదివి వినిపించి 'ఇదేనా?' అని అడగడం నాకు స్కూల్లో చెప్పారు. ఆ రాత్రి పేజీ వెళ్లిపోతోందన్న టెన్షన్‌లో అడగలేదు.

ఇప్పటి క్లాసుల్లో ఫోటోలు, వీడియోల మీద కూడా ఇదే పని చేయిస్తారు. వరదల ఫోటో ఒకటి ఇచ్చి ఇది ఇవాళ్టిదేనా అని అడుగుతారు. ఆ ఫోటో ఇంతకు ముందు ఎక్కడ వచ్చిందో ఇంటర్నెట్‌లో వెతికే రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో పెడితే సగం గుట్టు అక్కడే రట్టవుతుంది. అక్కడ దొరక్కపోతే ఫోటోలోకి వెళ్లాలి: దుకాణం బోర్డు మీద ఏ భాష ఉంది, బండి నంబరు ప్లేటు ఏ ప్రాంతానిది, నీడ ఎటు పడుతోంది, ఆ రోజు అక్కడ నిజంగా వాన పడిందా. పిల్లలకు ఇది మహా ఇష్టం. ఫోన్ చేసి మనిషితో మాట్లాడి తేల్చుకోమంటే మాత్రం మొహాలు వాడిపోతాయి.

లెక్కలంటే భయపడే కదా ఇటు వస్తున్నాం. ఇక్కడా లెక్కలేనా?

ఇక్కడా లెక్కలే. భయపడకండి, ఏడో తరగతి లెక్కలు చాలు. కానీ అవి రాకపోతే పరువు పోతుంది.

నిరుద్యోగం 4 శాతం నుంచి 6 శాతానికి పెరిగిందనుకోండి. 'రెండు శాతం పెరిగింది' అని రాస్తే తప్పు. రెండు శాతం పాయింట్లు పెరిగింది. శాతంలో చెప్పాలంటే పెరుగుదల 50. అధికార పక్షం 'రెండు' అంటుంది, ప్రతిపక్షం '50' అంటుంది, ఇద్దరి ప్రెస్‌నోట్లూ మీ టేబుల్ మీదకే వస్తాయి. అలాగే 'దొంగతనాలు వంద శాతం పెరిగాయి' అంటే రెండు నాలుగైనా కావచ్చు, రెండు వందలు నాలుగు వందలైనా కావచ్చు. అసలు అంకె అడగకుండా శాతం రాయకూడదని మొదటి నెలలోనే చెబుతారు.

దీనివల్ల ఏం ఒరుగుతుందో ఫిలిప్ మేయర్ చేసి చూపించాడు. ఆయన రిపోర్టర్‌గా ఉంటూనే 1966-67లో జర్నలిస్టులకిచ్చే నీమన్ ఫెలోషిప్ మీద హార్వర్డ్‌కు వెళ్లి సామాజిక శాస్త్రాల సర్వే పద్ధతులు నేర్చుకున్నాడు. 1967 వేసవిలో డెట్రాయిట్‌లో అల్లర్లు చెలరేగాయి. చదువురానివాళ్లు, దక్షిణాది నుంచి వలస వచ్చి ఇమడలేనివాళ్లు చేశారని అప్పట్లో అందరూ అనుకున్నారు. డెట్రాయిట్ ఫ్రీ ప్రెస్ కోసం మేయర్, మరికొందరు పరిశోధకులు ఇంటింటికీ సర్వే చేయించారు. కాలేజీ మొహం చూసినవాళ్లు కూడా బడి మానేసినవాళ్లతో సమానంగా అల్లర్లలో పాల్గొన్నారని, ఉత్తరాదిలో పెరిగినవాళ్లే ఎక్కువగా ఉన్నారని తేలింది. అనుకున్నదంతా తలకిందులైంది. ఆ పత్రిక సిబ్బందికి 1968లో పులిట్జర్ వచ్చింది. ఇవాళ డేటా జర్నలిజం అని మనం అంటున్న దానికి మూలాల్లో ఇదొకటి.

స్ప్రెడ్‌షీట్ వాడటం కూడా ఈ కోవలోదే. 2016లో, డబ్బున్నవాళ్లు విదేశీ డొల్ల కంపెనీల్లో దాచిన ఆస్తుల గుట్టు చెప్పిన పనామా పేపర్లు బయటికి వచ్చినప్పుడు ఉన్నవి కోటీ పదిహేను లక్షల పత్రాలు. 370 మందికి పైగా జర్నలిస్టులు కలిసి వాటిని జల్లెడ పట్టారు. అందులో కాగితాలు చదవడం ఎంత ఉందో, టేబుల్స్‌లో వెతకడం అంత ఉంది.

నాకు కొత్తవాళ్లతో మాట్లాడాలంటే సిగ్గు. ఈ ఫీల్డ్‌కి పనికొస్తానా?

నా అనుభవంలో సిగ్గరులే మంచి ఇంటర్వ్యూలు తెస్తారు. ఎందుకంటే ఎదుటివాళ్లను మాట్లాడనిస్తారు. వాగుడుకాయలకు స్కూల్ నేర్పాల్సింది నోరు మూసుకోవడం, అది ఇంకా కష్టం.

ఇంటర్వ్యూ క్లాసు సాధారణంగా ఇలా ఉంటుంది: ఇద్దరిద్దరుగా కూర్చోబెడతారు, ఒకరినొకరు పది నిమిషాలు ప్రశ్నించుకుంటారు, తర్వాత ఇంటర్వ్యూ ఇచ్చినవాడు 'నువ్వు నన్ను ఏం అడగలేదో తెలుసా' అని చెబుతాడు. అక్కడ తల తిరుగుతుంది. అవును-కాదులతో తేలిపోయే ప్రశ్నలు, ఒకేసారి మూడు కలిపి అడిగిన ప్రశ్నలు, జవాబు కూడా మనమే ఇచ్చేసిన ప్రశ్నలు, అన్నీ బయటపడతాయి.

విషాదంలో ఉన్నవాళ్లతో మాట్లాడటం మాత్రం వేరే పాఠం. ఇంట్లో మనిషి పోయినవాళ్ల మొహం మీద మైకు పెట్టి 'మీకెలా అనిపిస్తోంది?' అని అడగడం మనందరం టీవీలో చూశాం. అది అడిగేవాడు చెడ్డవాడని కాదు, ఇంకేం అడగాలో వాడికి ఎవరూ చెప్పలేదు. 'ఆయన గురించి అందరికీ తెలియాల్సింది ఏమిటి?' అని అడిగి చూడండి, మాట్లాడతారు. మాట్లాడనంటే నమస్కారం పెట్టి వచ్చేయడం కూడా పాఠంలో భాగమే. విలేకరి మనసు మీద పడే దెబ్బ గురించి కూడా ఇప్పుడు చెబుతున్నారు. కొలంబియా స్కూల్ ఆధ్వర్యంలో నడిచిన డార్ట్ సెంటర్ ఈ విషయంలో చాలా పని చేసింది. మా రోజుల్లో శవాలు చూసొచ్చి టీ తాగి వార్త రాసేవాళ్లం, దాన్నే ప్రొఫెషనలిజం అనుకునేవాళ్లం.

చట్టం, నైతిక విలువల పేపర్లు మార్కుల కోసమేనా?

పరీక్ష దాకా అలాగే అనిపిస్తాయి. మీ పేరు మీద మొదటి లీగల్ నోటీసు వచ్చిన రోజు అర్థమవుతుంది. పరువు నష్టం, కోర్టు ధిక్కారం, బాధిత మహిళల, పిల్లల పేర్లు వెయ్యకూడని సందర్భాలు, ఎవరైనా తన పేరు రాయొద్దంటే ఆ మాటకు ఎంతవరకు కట్టుబడాలి, ఇవన్నీ నైట్ డ్యూటీలో పుస్తకం తెరిచి చూసుకునేవి కావు. ఆ టైంలో అనుమానం రావడమే ముఖ్యం. అనుమానం వస్తే ఎవరినైనా అడుగుతారు.

ప్రభుత్వ కాగితాలు అడిగి తెచ్చుకునే హక్కు గురించి కూడా ఇక్కడే నేర్పుతారు. 1766లో స్వీడన్ చేసిన చట్టంతో మొదలైన హక్కు ఇప్పుడు వందకు పైగా దేశాల్లో ఉంది. విద్యార్థిగా ఉన్నప్పుడే ఒక్క దరఖాస్తయినా పెట్టి చూడండి. తిరస్కరణ లేఖ వస్తే దాన్ని ఎలా చదవాలో కూడా తెలుస్తుంది.

మరి కమ్యూనికేషన్ థియరీలు దేనికి?

నేనూ విద్యార్థిగా గొణుక్కున్నవాణ్ణే. అన్నీ పనికొస్తాయని చెప్పను. కానీ మెక్‌కోంబ్స్, షా అనే ఇద్దరు 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు నార్త్ కరోలినా రాష్ట్రంలోని చాపెల్ హిల్‌లో చేసిన అధ్యయనం ఒకటుంది, 1972లో అచ్చయింది. పత్రికలు ఏ అంశాలకు పెద్దపీట వేస్తున్నాయో, ఓటర్లు కూడా వాటినే ముఖ్యమనుకుంటున్నారని అందులో తేలింది. పేజీలో ఏది పైన పెట్టాలి, ఏది సింగిల్ కాలమ్‌కి కుదించాలి అని డెస్కులో కూర్చుని నిర్ణయించేటప్పుడు అది గుర్తొస్తుంటుంది. మిగతా థియరీలు పరీక్ష రాసి వచ్చేశాక మర్చిపోయాను, ఉద్యోగం పోలేదు.

ప్రింట్, టీవీ, డిజిటల్: దేంట్లో స్పెషలైజ్ అవ్వాలి?

అన్నీ కొంచెం కొంచెం నేర్చుకుని, ఒకటి బాగా నేర్చుకోండి. ఇవాళ ఒకే రిపోర్టర్ ఫోన్‌తో వీడియో తీసి, వెబ్‌సైట్‌కి నాలుగు పేరాలు పంపి, సాయంత్రం లైవ్‌లో మాట్లాడుతున్నాడు. టీవీ చదివినవాళ్లకు పీస్ టు కెమెరా (కెమెరా వైపు చూసి చెప్పడం), బైట్ (ఎదుటివాళ్లు మాట్లాడిన ముక్క), వాయిస్ ఓవర్ (దృశ్యాల మీద వచ్చే గొంతు), రన్‌డౌన్ (బులెటిన్‌లో వార్తల వరుస) లాంటివి ముందే అలవాటైతే మొదటి వారం కంగారు తగ్గుతుంది. అంతకుమించి తేడా ఏమీ లేదు. కెమెరాలు, సాఫ్ట్‌వేర్లు రెండేళ్లకోసారి మారిపోతాయి. స్టూడియో ఎంత మెరుస్తోందో చూసి కాలేజీని ఎంచుకోవద్దు.

నాకు ఏ ఒక్కటీ తేలిగ్గా రాలేదు గానీ, మూడేళ్లు రేడియో స్క్రిప్టులు రాయడం వల్ల చిన్న వాక్యం రాయడం వచ్చింది. మైకు ముందు చదివేవాడికి ఊపిరి ఆడకపోతే ముఖం మీదే చెప్పేసేవాడు.

ఇంటర్న్‌షిప్ ఎంత ముఖ్యం?

డిగ్రీ అంత ముఖ్యం. కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఉద్యోగాలు చాలావరకు అక్కడి పరిచయాలతోనే వస్తాయి.

కానీ ఏం ఆశించాలో తెలిసి వెళ్లండి. మొదటి రోజే కుంభకోణం బయటపెట్టమని ఎవరూ అడగరు. ప్రెస్‌నోట్లు కుదించడం, వార్తా సంస్థల నుంచి వచ్చే ఏజెన్సీ కాపీ తర్జుమా చేయడం, పోలీస్ స్టేషన్లకు ఫోన్ చేసి 'ఏమైనా ఉందా సార్' అని అడగడం, వాతావరణం బాక్స్ అప్‌డేట్ చేయడం, ఇలాంటివి ఇస్తారు. వాటిని శ్రద్ధగా చేసేవాళ్లు ఎవరో డెస్క్ ఇన్‌ఛార్జి చూస్తూనే ఉంటాడు. మీరు పంపిన కాపీ ఒకటి, అచ్చయిన కాపీ ఒకటి పక్కపక్కన పెట్టుకుని తేడాలు చూసుకోండి. రోజూ. దిద్దినాయన చెప్పకపోయినా ఆ రెండు కాగితాలు చాలా చెబుతాయి. ఇక పైసా ఇవ్వకుండా ఆరు నెలలు పూర్తి డ్యూటీ చేయించుకుంటామనే చోటు ఇంటర్న్‌షిప్ కాదు, వెట్టి. మర్యాదగా బయటికి వచ్చేయండి.

స్కూల్ నేర్పలేనివి ఏమిటి?

సోర్సులు, అంటే మనల్ని నమ్మి సమాచారం చెప్పే మనుషులు. ఇది ఎవరూ ఇవ్వలేరు. ఒక బీట్ (పోలీసు, ఆసుపత్రులు లాంటి ఒక రంగం)‌లో రెండేళ్లు తిరిగి, వార్త లేని రోజు కూడా పలకరించి, రాయకూడనిది రాయకుండా ఉంటేనే మనుషులు నమ్ముతారు. ఓపిక కూడా అంతే. మీటింగ్ హాలు బయట మూడు గంటలు నిలబడితే లోపలి నుంచి వచ్చినాయన 'ఏం లేదండీ' అని కారెక్కి వెళ్లిపోతాడు. క్లాసులో దీనికి ప్రాక్టికల్స్ లేవు.

ఇంకొకటుంది, దాని గురించి స్కూళ్లు మాట్లాడటానికి ఇబ్బంది పడతాయి. మీరు తెచ్చిన వార్త నిజమే అయినా, ప్రకటనలిచ్చే కంపెనీకో యాజమాన్యానికి కావాల్సినవాళ్లకో తగులుతుందని ఆగిపోవచ్చు. ఆగిందని ఎవరూ చెప్పరు, 'స్పేస్ లేదు' అంటారు. పాఠ్యపుస్తకంలో నైతికత అంటే విలేకరి లంచం తీసుకోకపోవడం. ఉద్యోగంలో ఎదురయ్యేది ఎక్కువగా ఇది. వార్త కట్టుదిట్టంగా ఉంటే దాన్ని ఆపడం కష్టమవుతుంది, అంతవరకే నేను చెప్పగలను. కొన్నిసార్లు అప్పటికీ ఆగిపోతుంది.

జీతాలు, నైట్ షిఫ్టులు, పండగ పూట డ్యూటీ గురించి మీ సీనియర్లను అడగండి. ప్రాస్పెక్టస్‌లో ఉండవు.

ఏఐ వచ్చాక ఈ చదువు దండగ కాదా?

కంపెనీల త్రైమాసిక ఫలితాల వార్తలను అసోసియేటెడ్ ప్రెస్ అనే అమెరికా వార్తా సంస్థ 2014లోనే సాఫ్ట్‌వేర్‌తో రాయించడం మొదలుపెట్టింది. అంటే ఇది నిన్న మొన్న పుట్టిన భయం కాదు. అంకెలు ఒక మూసలో పోసే పని, ప్రెస్‌నోట్‌ను తిరగరాసే పని, గంట రికార్డింగ్‌ను అక్షరాల్లో పెట్టే పని చాలావరకు యంత్రానికి వెళ్లిపోయాయి, పోనీండి. కొత్తగా చేరినవాళ్లు చెయ్యి తిప్పుకునేది ఆ పనుల మీదే కాబట్టి వాళ్లకు దెబ్బే, అది కాదనను. అందుకే ఆ ప్రాక్టీసు ఇప్పుడు స్కూల్లోనే పూర్తి కావాలి.

నా క్లాసులో ఏఐ వాడొద్దని చెప్పను. ఒకసారి ఒకమ్మాయి తెచ్చిన కాపీలో ఒక అధికారి మాట చాలా చక్కగా, మరీ చక్కగా ఉంది. ఫోన్ చేద్దామా అన్నాను. స్పీకర్‌లో పెట్టి చేశాం. 'నేనెవరితోనూ మాట్లాడలేదమ్మా' అన్నాడాయన. కోట్‌ను యంత్రం పుట్టించింది, అమ్మాయికీ తెలియదు. షట్టర్ తాళం సంగతి కనుక్కోవడానికి ఇంకా మనిషే వెళ్లాలి.

రిపోర్టర్ కాకపోతే ఇంకేం ఉద్యోగాలున్నాయి?

సబ్ ఎడిటర్, కాపీ ఎడిటర్, ప్రొడ్యూసర్, ఫ్యాక్ట్ చెకర్, డేటా, గ్రాఫిక్స్, పాడ్‌కాస్ట్, సోషల్ మీడియా డెస్క్. బయటికొస్తే పీఆర్, కార్పొరేట్ కమ్యూనికేషన్, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ సమాచార శాఖలు. నా బ్యాచ్‌లో సగం మంది ఇప్పుడు వార్తల్లో లేరు. వాళ్లలో ఎక్కువ మంది నాకన్నా బాగా సంపాదిస్తున్నారు. గడువులోగా నలుగురికీ అర్థమయ్యేలా రాయగలిగిన మనిషి ఏ ఆఫీసుకైనా కావాలి.

మంచి స్కూలో కాదో ఎలా తెలుసుకోవాలి?

వెబ్‌సైట్‌లో ప్లేస్‌మెంట్ అంకెలు చూసి మోసపోకండి. ఎంతమందిలో ఎంతమందికి, ఏ ఉద్యోగం, ఏడాది తర్వాత అందులో ఉన్నారా అని అడగండి. పైన లెక్కల గురించి చెప్పింది ఇక్కడే మొదటిసారి పనికొస్తుంది.

తర్వాత ఎవరైనా రెండో ఏడాది విద్యార్థిని పట్టుకుని, 'నీ దిద్దిన కాపీ ఒకటి చూపిస్తావా?' అని అడగండి. చూపించడానికి ఏమీ లేకపోతే అక్కడ ఎవరూ దిద్దడం లేదన్నమాట. పైన మార్కులు మాత్రం వేసి ఉంటే ఆలోచించండి. ఎర్ర గీతలతో, పక్కన ప్రశ్నలతో, చదవలేని చేతిరాతతో నిండిపోయి ఉంటే ఫీజు కట్టేయండి. విద్యార్థుల పత్రికో, ఛానెలో, వెబ్‌సైటో నిజంగా నడుస్తోందా, దాన్ని బయటివాళ్లు ఎవరైనా చదువుతున్నారా అన్నది కూడా చూడండి. పాఠకుడు లేని ల్యాబ్ జర్నల్‌లో తప్పు రాస్తే ఫోన్ చేసేవాడు ఉండడు.

సీటు వచ్చింది. చేరే లోపు ఏం చేయమంటారు?

మీ భాషలో టైపింగ్ నేర్చుకోండి, కీబోర్డు చూడకుండా. చేరాక నేర్చుకుందామనుకుంటే డెడ్‌లైన్ రోజు ఏడుస్తారు. రోజూ ఒకే వార్తను రెండు మూడు పత్రికల్లో చదివి ఎవరు దేంతో మొదలుపెట్టారో చూడండి. మీకు బాగా తెలిసిన చోట ఒక గంట కూర్చుని, కనిపించింది మాత్రమే రాయండి. 'అందమైన', 'భయంకరమైన', 'విషాదకరమైన' వాడకుండా ఒక పేజీ. అది మొదటి రోజు క్లాసుకు పట్టుకురండి. చొక్కా జేబులో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటి, పెన్నులు రెండు కూడా. రెండెందుకంటే ఒకటి ఎవరో ఒకరు అడిగి తీసుకుంటారు, తిరిగివ్వరు.